ఒక్కపొద్దు నాటి గోళీ

కిష్టమ్మ నోటికి చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో పేరుంది. కొత్తకోట నుంచి ఆత్మకూరు పోయే దారి పక్కన ఉంటుంది వాళ్ల ఊరు. అక్కడ పన్నెండు మంది ఆడవాళ్ల కూలి గుంపుకు ఆమే పెద్ద. కలుపు తీయాలన్నా, పల్లికాయ పీకాలన్నా రైతులు ముందు ఆమె గడప తొక్కాల్సిందే. కూలి ఖరారు చేసేటప్పుడు ఎంత మొనగాడైనా ఆమె ముందు నాలుగు మాటలకు మించి ఆడలేడు. ఒకసారి హైవే మీది ధాబావాడు ఎంగిలి నీళ్లన్నీ పొలాల కాలువలోకి వదిలితే, గుంపునంతా వెంటేసుకుని పోయి, లారీ డ్రైవర్లు కూర్చుని తింటున్న నులక మంచాల మధ్య నిలబడి వాడి దుమ్ము దులిపి వచ్చింది. అట్లాంటి మనిషి ఒక డాక్టరు ముందు కూర్చుని ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట పూర్తి చేయలేకపోయింది. తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ డాక్టరు కొత్తవాడేం కాదు. ఇరవై ఏళ్లుగా కిష్టమ్మ ఇంటికి ఆయనే డాక్టరు. పేరు శ్రీనాథ్, ఉండేది కొత్తకోటలో. కూతురు మల్లీశ్వరికి ఎనిమిదేళ్లప్పుడు జ్వరం తలకెక్కి ఒళ్లు కొయ్యబారిపోతే ఆయనే పక్కన కూర్చుని బతికించాడు. అప్పట్లో ఆయన దగ్గరికి రోజుకు పదిహేను మందో ఇరవై మందో వచ్చేవాళ్లు. ఏం తిన్నావు, ఏం పని చేస్తావు, ఇంట్లో ఎవరెవరుంటారు అని తీరిగ్గా అడిగేవాడు. ఆయన హస్తవాసి మంచిదని కిష్టమ్మే ఎంతమందికో చెప్పి పంపింది. అట్లా చెప్పి పంపినవాళ్లంతా కలిసి ఇప్పుడు వందమంది అయ్యారు. ఆయన మేడ కట్టాడు. కింద దవాఖాన, పైన ఇల్లు.

ఇప్పుడు ఆ దవాఖానలో పద్ధతి వేరు. రోగి స్టూలు మీద కూర్చునేలోపే డాక్టరు పెన్ను చీటీ మీద నడుస్తుంటుంది. కాంపౌండరు రాములు తలుపు దగ్గర నిలబడి "జల్ది, జల్ది" అంటుంటాడు. లోపలున్న మనిషి ఇంకా లేవకముందే తర్వాతి నంబరు మనిషిని లోపలికి తోస్తాడు. వచ్చినవాడు స్టూలు అంచు మీద సగం కూర్చుంటాడు. ఇక ముందున్నవాడు తన రోగం చెప్పుకోవాలా, స్టూలు కాపాడుకోవాలా? మొగుడూ పెళ్లాల మధ్య కూడా చెప్పుకోలేని బాధలు ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు చెవి పక్కన కూర్చుని వింటుంటే ఎవరు చెప్పుకుంటారు?

వానాకాలం చివర్లో కిష్టమ్మ మొగుడు లింగయ్యకు విపరీతమైన దాహం మొదలైంది. చెంబుల కొద్దీ నీళ్లు తాగేవాడు, గంటకోసారి పొలం గట్టుకు పోయేవాడు. కొత్తకోటకు పోయి రక్తం చూపిస్తే షుగరు అన్నారు. డాక్టరు చీటీ రాస్తూ, తల ఎత్తకుండా, నాలుగు ముక్కలు చెప్పాడు. పొద్దున ఒక గోళీ, రాత్రి ఒక గోళీ, తినేముందు వేసుకోవాలి. చక్కెర బంద్, ఛాయలో కూడా. ఒక్కరోజు మానినా కాళ్లు తీసేయాల్సి వస్తుంది. అంతే, రాములు తర్వాతి నంబరు పిలిచాడు.

కాళ్లు తీసేయడమంటే ఏమిటో లింగయ్యకు తెలుసు. వాళ్ల వాడకట్టులోనే చిన్నయ్యకు షుగరుతో మోకాలి దాకా తీసేశారు. అందుకని డాక్టరు మాటను మొగుడూ పెళ్లాలిద్దరూ దేవుడి ఆన లెక్క పట్టుకున్నారు. గోళీల కవరు తలుపు పక్కన మేకుకు వేలాడదీసింది కిష్టమ్మ. పొద్దున పొలానికి బయలుదేరేముందు తన చేత్తో గోళీ, చెంబుతో నీళ్లు ఇచ్చేది. ఒక్కనాడు కూడా తప్పలేదు.

అయితే లింగయ్య శనివారం ఒక్కపొద్దుంటాడు. పెళ్లికి ముందు నుంచీ ఉన్న అలవాటు, గుట్ట మీది దేవుడు కురుమతి రాయునికి మొక్కు. పొద్దు మునిగాక స్నానం చేసి, దీపం పెట్టిన తర్వాతే అన్నం. అప్పటిదాకా రెండు మూడుసార్లు తియ్యటి ఛాయ తాగేవాడు, దాంతోనే రోజంతా పొలం పని చేసేవాడు. ఇప్పుడు డాక్టరు చక్కెర వద్దన్నాడు. చప్పటి ఛాయ గొంతు దిగక లింగయ్య ఛాయే మానేశాడు. ఇక శనివారం పొద్దున గోళీ ఒకటి, ఆ తర్వాత సాయంత్రం దాకా పార, ఎండ, మంచినీళ్లు.

ఆ సీమలో శనివారం ఒక్కపొద్దు లేని ఇల్లు వెతికితే గానీ దొరకదు. పొద్దు తూర్పున పొడుస్తుందని డాక్టరుకు ఎవరైనా పనిగట్టుకుని చెబుతారా? అది చెప్పాల్సిన సంగతి అని కిష్టమ్మకు తోచలేదు. అడగాల్సిన సంగతి అని డాక్టరుకు తోచలేదు. ఆమెకు తోచలేదంటే అర్థముంది. అంత చదువు చదివి, ఇరవై ఏళ్లుగా అక్కడి గాలి పీలుస్తున్న మనిషికి తోచలేదంటే ఏమనాలి?

రెండో శనివారమే తేడా కనిపించింది. మధ్యాహ్నమయ్యేసరికి లింగయ్యకు ఒంటి నిండా చెమటలు, చేతుల్లో వణుకు. జీవితంలో ఎద్దునైనా గట్టిగా అదిలించని మనిషి ఉత్తపుణ్యానికి అందరి మీదా కసురుకున్నాడు. సాయంత్రం నాలుగు ముద్దలు తినగానే మామూలు మనిషి. మిగతా ఆరు రోజులూ ఏమీ లేదు. కిష్టమ్మ నాలుగు శనివారాలు కనిపెట్టి చూసింది. ఏ ల్యాబువాడూ అంతకన్నా మంచి పరీక్ష చేయలేడు. ఇది డాక్టరుకు చెప్పి తీరాలనుకుంది. నెల తిరిగాక మొగుడితో బస్సులో పోతూ పోతూ, ఏ మాట ముందు చెప్పాలో, ఏది తర్వాత చెప్పాలో మనసులో వరుస పెట్టుకుంది.

లోపలికి పోగానే డాక్టరు రక్తం కాగితం చూసి, షుగరు ఏమీ తగ్గలేదు, గోళీలు వేసుకోవడం లేదు అన్నాడు. అడగలేదు, తీర్పు చెప్పేశాడు.

"ఏసుకుంటున్నడు సారూ, నా చేత్తోనే ఇస్త. గని శనివారం వచ్చిందంటే చెమటలు..."

"ఎండల పని చేస్తే చెమటలు గాక మంచు కురుస్తదా?" అన్నాడు డాక్టరు, చీటీ రాస్తూనే.

స్టూలు అంచున కూర్చున్న మనిషి నవ్వాడు. తలుపు దగ్గర రాములు నవ్వాడు. ఏం చేయాలో తోచక కిష్టమ్మ కూడా నవ్వేసింది. ధాబావాడి దుమ్ము దులిపిన మనిషి, మొగుడి ప్రాణం సంగతి చెప్పబోయి, నోరు మూసుకుని నవ్వి బయటికి వచ్చింది. ఆ నవ్వు తర్వాత చాలా రోజులు ఆమెకు ముల్లులా గుచ్చుకుంది.

ఆ తర్వాతి నెల కూడా షుగరు ఎక్కువే ఉంది. డాక్టరు విసుక్కుని గోళీ బలం రెండింతలు చేశాడు. కిష్టమ్మ ఈసారి గుండె దిటవు చేసుకుని మళ్లీ నోరు తెరిచింది. శనివారం అన్న మాట ఒక్కటే బయటికి వచ్చింది. శనివారాలు గోళీ మానేస్తామని అడుగుతోంది కాబోలనుకున్నాడు డాక్టరు.

"శనివారం లేదు, ఆదివారం లేదు. రోజూ ఏసుకోవాలె. ఒక్కసారి చెప్తే అర్థం కాదా అమ్మా మీకు?"

పక్కనే లింగయ్య చేతులు కట్టుకుని తల ఊపుతున్నాడు. సారుకు కోపం తెప్పించొద్దని దారి పొడుగునా పెళ్లానికే చెప్పుకొచ్చాడు పాపం. అంత పెద్ద సారు మాట కాదని తన నాలుగు శనివారాల లెక్క నెగ్గించుకోవడానికి కిష్టమ్మకూ ధైర్యం చాలలేదు. ఆయన చేతి మీద ఆమెకు నమ్మకం అట్లాంటిది. ఆ నమ్మకమే ఆమె నోరు కట్టేసింది.

కార్తీకం వచ్చింది. కురుమతి రాయుని జాతరకు ఇంకా పది రోజులుంది. శనివారం పొద్దున్నే కిష్టమ్మ కొత్త గోళీ ఇచ్చింది, లింగయ్య మింగి యాసంగి పల్లికి తడి పెట్టడానికి పోయాడు. మధ్యాహ్నం రెండింటప్పుడు చేతిలో పార జారిపోయింది. ఏవేవో పొంతన లేని మాటలు మాట్లాడుతూ, తూలుతూ నాలుగడుగులు వేసి కాలువ బురదలో బోర్లా పడ్డాడు. పక్క చేలోని మనిషి చూసి, ఒక్కపొద్దు నాడు కూడా కల్లు తాగాడా అని అన్నాడట. కిష్టమ్మ ఉరికి వచ్చేసరికి మొగుడి ఒళ్లు చెమటతో చల్లబడిపోయి ఉంది, పళ్లు గిట్టకరుచుకుని ఉన్నాయి. పిలిస్తే పలుకు లేదు.

ఊళ్లోని మల్లేశ్ ఆటో తెచ్చాడు. దారిలోనే కొత్తకోట దవాఖానకు ఫోన్ చేశాడు. రాములు పోయి డాక్టరును అడిగి వచ్చి చెప్పిన మాట ఇది: గోళీలు మానేసి ఉంటారు, వనపర్తి పెద్ద దవాఖానకు తీసుకుపొమ్మన్నారు. చావుబతుకుల్లో ఉన్న మనిషి గురించి కూడా అదే మాట. ఆటోలో మొగుడి తల ఒళ్లో పెట్టుకుని కిష్టమ్మ, ఎక్కేముందు కవరులోంచి తీసి కొంగున కట్టుకున్న గోళీల పట్టీ విప్పి చూసుకుంది. తానే ఎప్పుడైనా మరిచిపోయిందేమో, ఈ చావు తన చేతి మీదుగా వస్తోందేమో అని ఆమె భయం. ఒక్కొక్క గుంటనూ వేలితో తడిమింది. ఆ పొద్దు దాకా వేసుకోవాల్సిన వాటిలో ఒక్క గోళీ కూడా మిగిలిపోలేదు.

వనపర్తిలో మొదట ఎదురొచ్చింది ఉమారాణి అనే నర్సు. ఆమె లింగయ్య నుదుటి మీద చెయ్యి వేసి, కిష్టమ్మ వైపు తిరిగి ఒకే ఒక్క మాట అడిగింది.

"అమ్మా, పొద్దుగాల్నుంచి ఏం తిన్నడు?"

ఇన్ని నెలల్లో, ఇన్ని తిరుగుళ్లలో, ఇంత రక్తం తీసినవాళ్లలో ఒక్కరు కూడా అడగని మాట అది. కిష్టమ్మకు ఏడుపు తన్నుకొచ్చింది. ఏం తినలేదు, ఒక్కపొద్దు అని చెప్పింది. నర్సు వేలికి సూది గుచ్చి చూస్తే, డెబ్బైకి తగ్గకూడని షుగరు ముప్పై రెండుంది. పరుగున డాక్టరును పిలిచింది, గ్లూకోజు ఎక్కించారు. కాసేపటికి లింగయ్య కళ్లు తెరిచాడు. ఇంకో గంట ఆలస్యమైతే మనిషి దక్కకపోయేవాడని ఉమారాణి చెప్పింది. ఈ గోళీ వేసుకుని తినకుండా ఉంటే షుగరుతో పాటు ప్రాణం కూడా దిగిపోతుందని, ఒక్కపొద్దు రోజుకు గోళీ ఎట్లా మార్చుకోవాలో డాక్టరునడిగి చేయాలని విడమరిచి చెప్పింది. ఇన్ని రోజులు ఈ సంగతి మీకు ఎవరూ చెప్పలేదా అని ఆశ్చర్యపోయింది.

లింగయ్యను నాలుగు రోజులు ఉంచుకుని పంపారు. మొదటి రెండు రోజులూ కూతురు మల్లీశ్వరిని చూసి, ఎప్పుడో చచ్చిపోయిన తన అక్క పేరు పెట్టి జములమ్మా అని పిలిచాడు. మూడో రోజుకు తేరుకున్నాడు. తేరుకున్నాడు గనుక సరిపోయింది, లేకపోతే ఆ ఇంటి గతేమిటి? అయినా కిష్టమ్మ మనసు డాక్టరును పూర్తిగా తప్పు పట్టలేకపోయింది. ఆయనకు ఒక్కపొద్దు సంగతి తెలిసి ఉండదు, బాగా చదువుకున్నవాళ్లకు ఇవన్నీ ఏం పడతాయి, గట్టిగా చెప్పకపోవడం తన తప్పే అని కూడా అనుకుంది. తర్వాతి శనివారం ఆమె ఒక్కతే కొత్తకోట బస్సెక్కింది. గొడవ వద్దు, మళ్లీ ఆ సారు కాడికే పోవాలె గద అని లింగయ్య మంచం మీద నుంచే బతిమాలాడు.

దవాఖాన అరుగంతా జనం. ఆమెది ముప్పై ఒకటో నంబరు. రాములు ఆరోజు మరీ చిరచిరలాడుతున్నాడు. కార్తీకపు చలిలో కూడా తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ, వచ్చినవాళ్లందరి మీదా విరుచుకుపడుతున్నాడు. కిష్టమ్మ పోయి మెట్ల పక్కన కూర్చుంది. అక్కడ డాక్టరు తల్లి లక్ష్మీదేవమ్మ చాటలో చిక్కుడుకాయలు వేసుకుని ఈనెలు తీస్తోంది. ఏటా పచ్చి పల్లికాయ తెచ్చిచ్చే కిష్టమ్మ అంటే ఆమెకు అభిమానం. ఏమైందే అట్ల చిక్కిపోయినవు అని అడిగింది. కిష్టమ్మ జరిగిందంతా చెప్పింది.

ముసలావిడ నోటి మీద చెయ్యి వేసుకుంది. పాపం, ఆమెకు దాపరికం తెలియదు.

"అయ్యో, నాకు గూడ షుగరే గదనే. శనివారం ఒక్కపొద్దే. మావోడు మొదటి రోజే చెప్పిండు, శనివారం పొద్దుగాల గోళీ ముట్టొద్దు, దీపం పెట్టినంక తినేముందు సగం ఏసుకో అని. నేను మర్చిపోతనని కాయితం మీద రాసి దేవుని గూట్ల అంటించిండు."

కిష్టమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయనకు తెలియదనుకుంది ఇన్నాళ్లూ. తెలియకేం? అక్షరం అక్షరం తెలుసు. రాసి అంటించేంత తెలుసు. ఆ కాగితానికీ తన మొగుడికీ మధ్య ఉన్నది పదిహేను మెట్లు.

నంబరు పిలిచారు. కిష్టమ్మ లోపలికి పోయి, వెనక వస్తున్న మనిషి మొహం మీదే తలుపు వేసి గడియ పెట్టింది. స్టూలు నిండా కూర్చుంది. డాక్టరు తల ఎత్తాడు. లింగయ్య ఏడని అడిగాడు. బురదలో పడిన దగ్గర్నుంచి ముప్పై రెండు దాకా ఆమె ఆగకుండా చెప్పింది. డాక్టరు మొహం కొంచెం పాలిపోయింది గానీ మాట మాత్రం తగ్గలేదు. ఒక్కపొద్దు ఉంటాడని తనకు చెప్పాలి కదా, చెప్పకపోతే ఎట్లా తెలుస్తుంది, చెప్పాల్సింది చెప్పరు గానీ చివరికి మా మీద పడతారు అన్నాడు.

"చెప్పనిచ్చినవా?" అంది కిష్టమ్మ. ఇరవై ఏళ్లుగా ఆయన్ను మీరు అన్న నోరు అది. "మొదటిసారి శనివారమంటే ఎండ అన్నవు. రెండోసారి శనివారమంటే, శనివారం లేదు ఆదివారం లేదు అన్నవు. మేము ఇనలేదని గద నీ కోపం? ఇన్నం సారూ. నువ్వు చెప్పినట్టు ఇన్నందుకే నా మొగడు బురదల పడ్డడు."

జరిగిందేదో జరిగిందని, గోళీ మారుస్తానని డాక్టరు చీటీ ముందుకు లాక్కున్నాడు. కిష్టమ్మ ఆ చీటీ మీద చెయ్యి పెట్టింది.

"మీ అమ్మది ఒక్కపొద్దని నీకెట్ల తెల్సింది?"

పెన్ను ఆగిపోయింది. ఆయన కిటికీ వైపు చూశాడు, మెట్ల వైపున్న కిటికీ అది. అమ్మ ఇంట్లోనే ఉంటుంది కదా, తెలుసు కదా అని గొణిగాడు.

"మాది గూడ ఒకప్పుడు తెలుసు నీకు. మా మల్లీశ్వరి ఏం తిన్నదో, ఎప్పుడు పండుకున్నదో అన్నీ అడిగినవు. ఇప్పుడు మీ అమ్మను అడుగుతవు, మమ్మల్ని అడగవు. గంతే."

డాక్టరు ఆమె చేతి కింది నుంచి చీటీ మెల్లగా తీసుకుని, శనివారం పొద్దున గోళీ వద్దు అని పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి, ఆమె ముందు పెట్టాడు. తన తల్లికి ఎట్లా రాశాడో అట్లాగే. కిష్టమ్మ దాన్ని తీసుకోలేదు.

"ఇయ్యాల శనివారం సారూ. బయట అరవై మంది కూసున్నరు. నీ గోళీ మింగి ఒట్టి కడుపుతోని ఎందరు కూసున్నరో అడిగినవా?"

ఆయన కుర్చీలోంచి లేవలేదు. కిష్టమ్మే లేచి గడియ తీసి తలుపు బార్లా తెరిచింది. మూడు చేల అవతలున్న గుంపును కేకేసి పిలిచే గొంతు ఆమెది. పొద్దున షుగరు గోళీ వేసుకుని ఒక్కపొద్దు ఉన్నవాళ్లు ఎవరెవరో చెయ్యెత్తమంది. మొదట ఎవరికీ అర్థం కాలేదు. రాములు తిడతాడేమోనని అందరూ అతని వైపు చూశారు. తర్వాత గోడ వారన ఒక ముసలాయన చెయ్యెత్తాడు. ఆయన పక్కన ఒక ఆడమనిషి. తర్వాత ఒక్కొక్కటిగా లేచాయి. డాక్టరు శ్రీనాథ్ గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు. కిష్టమ్మ వేలు చూపిస్తూ లెక్కపెట్టింది. ఎనిమిది.

ఆమె పక్కనే, తలుపు రెక్క పట్టుకుని, తొమ్మిదో చెయ్యి లేచింది. అది కాంపౌండరు రాములుది. పదహారేళ్లుగా ఆ తలుపు దగ్గరే నిలబడి అందరినీ జల్ది జల్ది అన్న మనిషి. మొహమంతా చెమట. ఎత్తిన చెయ్యి వణుకుతోంది.

డాక్టరు అతని వైపు కొత్తగా చూస్తున్నట్టు చూస్తుండిపోయాడు. కిష్టమ్మ మాత్రం ఆగలేదు. రాములు భుజం పట్టి తాను లేచిన స్టూలు మీదే కూర్చోబెట్టి, డాక్టరు వైపు తిరిగింది.

"ముందుగాల ఈయనకు ఛాయ తెప్పియ్యి సారూ," అంది. "చక్కెర ఏసి."